ఛాసిస్ తుప్పు కోసం అత్యవసర నిధి ఖాళీ చేస్తారా?

ప్రశ్న: నా వయసు 38. ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే. భార్య, ఇద్దరు పిల్లలు. పాత కారొకటి కొని రెండేళ్లుగా బాగు చేయిస్తున్నాను. ఐదు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా ఉన్న పొదుపులో మూడు నెలలది దానికే పెట్టాను. బాడీ దింపి సాండ్ బ్లాస్టింగ్ (ఇసుక వేగంగా కొట్టి పాత రంగు, తుప్పు రాల్చడం) చేయించాక ఛాసిస్, అంటే కారు బరువు మోసే అడుగు చట్రం, రెండు వైపులా తుప్పు తినేసిందని తేలింది. పాడైన చోట కోసి కొత్త ప్లేట్లు, బలానికి అదనపు రీఇన్‌ఫోర్స్‌మెంట్లు వెల్డ్ చేయాలట. మొదటి అంచనాకు రెట్టింపు చెబుతున్నారు. వ్యక్తిగత రుణం తీసుకోనా? మిగిలిన పొదుపు వాడనా? వెల్డింగ్ మెషీన్ కొని నేనే చేసుకోనా? పూర్తయితే మంచి ధర పలుకుతుందని అందరూ అంటున్నారు.

జవాబు: మూడూ వద్దు.

మీ ఉత్తరంలో ‘మిగిలిన పొదుపు’ అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఒక్క జీతం మీద నలుగురు బతికే ఇంటికి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉన్నా తక్కువే అంటాను. మీరు ఐదుతో మొదలై రెండుకు దిగారు. ఇప్పుడు ఆ రెండు కూడా తీయనా అని అడుగుతున్నారు! రేపు ఉద్యోగం పోతేనో, పిల్లాడు ఆసుపత్రిలో చేరితేనో సగం కోసిన ఛాసిస్‌ను ఎవరికి అమ్ముతారు? విప్పి పడేసిన బండికి పలికేది విడిభాగాల ధరే.

పాత కార్ల మోజులో చాలామంది చేసే పొరపాటే మీరూ చేశారు. కంటికి కనిపించినదాన్ని బట్టి బడ్జెట్ వేశారు. ఛాసిస్ చాలావరకు డబ్బా ఆకారంలో, లోపల బోలుగా ఉంటుంది. మట్టి, నీరు అందులో చేరి లోపలి నుంచి తింటూ వస్తాయి. బయట అండర్‌కోటింగ్, అంటే కారు అడుగున పూసే రక్షణ పూత, మాత్రం నల్లగా నిగనిగలాడుతుంటుంది. చిన్న సుత్తితో తడితే ఖంగుమనాల్సిన చోట మొద్దుగా పలుకుతుంది, స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగిపోతుంది. కొనే ముందు చేయాల్సిన పరీక్ష అది, అయిపోయింది. కానీ రెండో అంచనానైనా ఆఖరిదని నమ్మకండి. ప్లేటు అతకాలంటే గట్టి ఇనుము తగిలేదాకా కోసుకుంటూ పోవాల్సిందే.

ఇక అప్పు. సరదా కోసం వ్యక్తిగత రుణమా? ఈఎంఐ వచ్చే నెలే మొదలవుతుంది, కారు ఎప్పుడు రోడ్డెక్కుతుందో మెకానిక్‌కే తెలియదు. మధ్యలో డబ్బు చాలక క్రెడిట్ కార్డు గీకారనుకోండి, నెలకు 3 శాతం వడ్డీ అంటే చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. ‘మంచి ధర పలుకుతుంది’ అన్నవాళ్లలో ఒక్కరైనా అడ్వాన్స్ ఇచ్చారా? బంగారం తాకట్టు ఆలోచనా అంతే. కారును ఉన్నదున్నట్టు అమ్మేయడం మాత్రం ఆలోచించదగ్గదే.

సొంతంగా వెల్డింగ్ అంటారా, కొత్తవాళ్ల అతుకు పైకి ముత్యాలు పేర్చినట్టున్నా లోపల ఇనుము కరిగి కలిసి ఉండకపోవచ్చు. ఛాసిస్ బరువు మోసే భాగం, నేర్చుకోవడానికి తుక్కు ఇనుము వాడండి. పైగా తుప్పు పట్టకుండా లోపల పూసిన పాత మైనం, అండర్‌కోటింగ్ మీకు కనపడని వైపు అంటుకుంటాయి. పని ఆపాక గంటసేపైనా కాపలా ఉండాలి. ఇంటి బీమా ఉంటే, షెడ్డులో వెల్డింగ్ చేస్తే వర్తిస్తుందో లేదో కంపెనీతో రాతపూర్వకంగా చెప్పించుకోండి.

ఇప్పుడు ఒక్క ఖర్చు మాత్రం ఆపకండి. బ్లాస్టింగ్ చేసిన పచ్చి ఇనుము తేమ తగిలితే గంటల్లోనే మళ్లీ తుప్పెక్కుతుంది. వెంటనే ఎపాక్సీ ప్రైమర్ (తేమ తగలనివ్వని తొలి పూత) కొట్టించి, పని అక్కడే ఆపించండి. కోత మాత్రం మొదలుపెట్టనివ్వకండి. కోసి వదిలేస్తే ఫ్రేమ్ కొలతలు తప్పుతాయి, తర్వాత తలుపులు సరిగ్గా పడవు. నెలనెలా కారుకు పెడుతున్న డబ్బంతా ఆరు నెలల ఖర్చు పోగయ్యేదాకా వేరే ఖాతాలోకి మళ్లించండి. ఆ ఖాతా నంబరు మెకానిక్‌కు గూగుల్ పే చేసే ఫోన్‌లో ఉండకూడదు, నవ్వకండి, అనుభవంతో చెబుతున్నాను. తర్వాత పని మొదలుపెట్టినా దశలవారీగానే చెల్లించండి. ప్రతి అతుకునూ పెయింట్ పడకముందే ఫొటో తీసి బిల్లుతో దాచండి. మామూలు మోటారు పాలసీ వయసును బట్టి విలువ కడుతుంది, మీరు పెట్టినదంతా లెక్కలోకి రాదు. ముందే విలువ ఒప్పుకునే పాలసీ దొరికితే ఆ ఫొటోలే ఆధారం.

మీకు టర్మ్ పాలసీ (మీరు పోతే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) ఉందో లేదో రాయలేదు. లేకపోతే ప్రైమర్ కంటే ముందు అది.