రక్తపిశాచి వచ్చాడా, వచ్చిందా?

సందేహం: టీనేజ్ పిల్లల కోసం ఒక నవల రాస్తున్నానండీ. ఒక దీవిలో వ్యాంపైర్లను వేటాడడం నేర్పే ట్రైనింగ్ స్కూలు, అందులో చేరిన పంతొమ్మిదేళ్ల అమ్మాయి, ఆమె ప్రేమించే కుర్రాడే వ్యాంపైర్ అని తర్వాత తెలుస్తుంది. "రక్తపిశాచి వచ్చాడు" అని రాస్తే మా అమ్మ తప్పంటోంది, వచ్చింది అనాలంటోంది. అలా రాస్తే హీరో హీరోలా ఉండడం లేదు. ఏది ఒప్పు? దీవిని లంక అనవచ్చా? హీరో వయసు రెండొందల ఏళ్లు, ఆ అమ్మాయి అతన్ని నువ్వు అనాలా, మీరు అనాలా?

సమాధానం: మీ అమ్మగారు చెప్పిందే ఒప్పమ్మా. పిశాచి అన్నాక వచ్చింది, పోయింది, తాగింది అనాల్సిందే. సంస్కృతంలో పిశాచ శబ్దం పుంలింగమే గానీ తెలుగులోకి తెచ్చుకునేటప్పుడు మనవాళ్లు దానికి డు తగిలించలేదు. రాక్షసుడికి ఇచ్చారు, యక్షుడికి ఇచ్చారు, బేతాళుడికీ ఇచ్చారు, పిశాచాన్ని మాత్రం వృక్షము, పర్వతము వరసలో ము పెట్టి కూర్చోబెట్టారు. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) మాటల్లో అయితే రాక్షసుడు మహత్తు, అంటే మగవాళ్లను చెప్పే మాటల వరస, పిశాచం అమహత్తు, అంటే ఆడవాళ్లు, జంతువులు, వస్తువుల వరస. కాబట్టి "రక్తపిశాచి వచ్చాడు" అంటే "కుర్చీ వచ్చాడు" అన్నంత కాకపోయినా చెవికి గుచ్చుకుంటుంది.

అయితే మీ చిక్కు ఆ మాటతోనే గానీ ఆ కుర్రాడితో కాదు. మన ఇళ్లలో ఎవరైనా పోయినప్పుడు ఫోన్లో ఏమంటామో గుర్తు తెచ్చుకోండి. "బాబాయి పోయాడు, ఆరింటికి బాడీ వస్తుంది." మొదటి ముక్కలో పోయాడు, రెండో ముక్కకల్లా వస్తుంది. మధ్యలో ఉన్నది ఒక్క కామా, అంతలోనే మనిషి అమహత్తులోకి వెళ్లిపోయాడు. ఎవరూ ఆలోచించి అనరు, ఏడుస్తూ కూడా వ్యాకరణం తప్పకుండా అంటారు. మరి చచ్చి, పాతిపెట్టాక లేచి తిరిగేవాణ్ని ఏమనాలి? దీనికి జవాబు చిన్నప్పుడు మీరు చదివిన బేతాళ కథల్లోనే ఉంది. విక్రమార్కుడు చెట్టు మీంచి దింపి భుజాన వేసుకునేది శవాన్ని, అది బరువుగా ఉంటుంది, వేలాడుతుంది. అందులోంచి మాట్లాడేది బేతాళుడు, అతను అడుగుతాడు, నవ్వుతాడు, మాయమవుతాడు. ఒంటికి అది, లోపలున్నవాడికి అతను. తెలుగు ఈ లెక్క ఎప్పుడో తేల్చేసింది.

అలాగని మీ హీరోను బేతాళుడు అనకండి. 1870లో రిచర్డ్ బర్టన్ బేతాళ కథల్ని ఇంగ్లిష్‌లో చెబుతూ బేతాళుణ్ని వ్యాంపైర్ అనేశాడు, మనం దాన్ని తిరగేసి ఇంకో తప్పు చేయక్కర్లేదు. బేతాళుడు నెత్తురు కోసం రాడు, కథ చెప్పి ప్రశ్న వేసి, తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందని బెదిరిస్తాడు, అంతే. వ్యాంపైర్ పుట్టిల్లు వేరు. 1725లో సెర్బియాలో కిసిల్యెవో అనే పల్లెలో ఒక రైతు చచ్చాక లేచొచ్చి జనాన్ని చంపుతున్నాడని ఊరు గోలపెడితే, గొయ్యి తవ్వించి చూసిన ఆస్ట్రియా అధికారి రిపోర్టు వియన్నా పత్రికలో అచ్చయింది. కుళ్లని ఒళ్లు, నోటి దగ్గర నెత్తురు, గుండెలో దిగ్గొట్టిన మేకు. ఆ వ్యాంపైర్‌ను ఏ అమ్మాయీ ప్రేమించదు, అది అచ్చంగా "అది"యే. 1819లో పోలిడోరి అనే డాక్టరు రాసిన కథలో గానీ వ్యాంపైర్ మంచి బట్టలు వేసుకుని విందులకు వచ్చే దొర కాలేదు. మీ కుర్రాడు ఆ దొర మనవడు, కిసిల్యెవో రైతు ముని మనవడు.

అందుకని వ్యాంపైర్ అనే రాయండి. క్యాంపు, వ్యాను రాస్తున్నట్టే ఇదీ, మీ పాఠకులకు రక్తపిశాచి కన్నా ఇదే దగ్గర. మాట కొత్తది కాబట్టి దానికి లింగం మీరే ఇవ్వొచ్చు, వ్యాంపైర్ వచ్చాడు అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. పైగా మనవాళ్ల నోట్లో "పిశాచీ", "రాక్షసీ" అనేవి ముద్దు తిట్లు, "రక్తం తాగుతున్నాడు" అంటే ఆఫీసులో బాస్ సతాయిస్తున్నాడని. మీ హీరో కళ్లలోకి చూస్తూ "నీ రక్తం తాగను" అన్నాడనుకోండి, పాఠకురాలికి ముందు గుర్తొచ్చేది అప్పులవాడే.

ఇంకో సంగతి, మీరు అడగకపోయినా చెప్పాలనిపిస్తోంది. ఇంగ్లిష్‌లో ఇట్, హీ అనే సర్వనామాలు మారితే సరిపోతుంది, మనకు వాక్యం చివర క్రియ కూడా మారుతుంది, లెక్కపెట్టడం కూడా మారుతుంది. ఆ స్కూల్లో మాస్టారు "మూడు వ్యాంపైర్లు తప్పించుకున్నాయి, వాటిలో ఒకటి రేవు దగ్గరుంది" అంటాడు. అతనికి అవి వేట జంతువులు. మీ అమ్మాయి కూడా మొదట్లో అలాగే అంటుంది. ఏదో ఒక రాత్రి మాత్రం "ముగ్గురు... వాళ్లలో ఒకడు నాకు తెలుసు" అని నోరు జారుతుంది, మాస్టారు ఆగి ఆమె వంక చూస్తాడు. ప్రేమించానని ఆమె ఎక్కడా చెప్పక్కర్లేదు, మూడు కాస్తా ముగ్గురు అయ్యేసరికి పట్టుబడిపోయింది. ఆడ వ్యాంపైర్ విషయంలో ఈ కిటుకు ఏకవచనంలో పారదు, ఆమె వచ్చింది అన్నా ఆవు వచ్చింది అన్నా క్రియ ఒకటే కదా. బహువచనం దాకా ఆగాలి, అక్కడ వచ్చాయి, వచ్చారు అని విడిపోతాయి.

లంక వద్దు. అర్థం దీవే, గోదావరి పాయల మధ్య లంక గ్రామాలు బోలెడున్నాయి. కానీ మీది సముద్రం మధ్య చలిదీవి అయితే, లంక అనగానే మావైపు వాళ్లకు పొగాకు, వరదలో పడవలు, మిగతావాళ్లకు రావణాసురుడు కనిపిస్తాడు. ద్వీపం పాఠ్యపుస్తకం మాట. అండమాన్ దీవులు అంటున్నాం కాబట్టి దీవి బాగుంటుంది. శిక్షణాలయం అనకుండా ట్రైనింగ్ స్కూలు అనే ఉంచండి, పిల్లలు అలాగే అంటారు.

నువ్వా, మీరా అంటే, అతని వయసు తెలియనంతవరకు నువ్వే, తోటివాడిలా ఉన్నాడు మరి. తెలిసిన రోజున ఆమె ఒక్కసారి "మీరు" అనేసి నాలుక కరుచుకుంటే సరదాగా ఉంటుంది. ఆ తర్వాత అతనే "మళ్లీ అలా పిలిచావంటే నిజంగానే కొరుకుతా" అనాలి.