నీళ్లు వేడెక్కితే పగడాల్లోని శైవలాల కిరణజన్య సంయోగక్రియ ఎందుకు దెబ్బతింటుంది?

ఇది వేడి ఒక్కటే చేసే పని కాదు, వేడీ వెలుతురూ కలిసి చేసే నష్టం. వేసవిలో మామూలుగా ఉండే గరిష్ఠం కంటే నీళ్లు ఒక్క డిగ్రీ ఎక్కువై, కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు.

శైవలంలో వెలుతురుని పట్టి వాడుకునే ఫోటోసిస్టమ్ 2 అనే ప్రోటీన్ల గుంపులో డీ1 అనే ప్రోటీన్ ఉంటుంది. మామూలు రోజుల్లో కూడా అది ఎండకి పాడవుతూనే ఉంటుంది, శైవలం వెంటవెంటనే కొత్తది చేసుకుంటుంది. వేడిలో ఈ రిపేరు మందగిస్తుంది, కార్బన్ డయాక్సైడ్‌ని పట్టే రూబిస్కో ఎంజైమ్ కూడా నీరసపడుతుంది, ఎండ మాత్రం తగ్గదు కదా, దాంతో పత్రహరితం పట్టుకున్న శక్తి వాడకానికి దారిలేక ఆక్సిజన్‌కి చేరి సూపర్ ఆక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి హానికర పదార్థాలు పుడతాయి. అవి వెలుతురుని పట్టే పని జరిగే థైలకాయిడ్ పొరల్ని దెబ్బతీస్తాయి, పెరాక్సైడ్ అయితే పగడం కణాల్లోకి కూడా పాకుతుంది. చివరికి పగడం ఆ శైవలాల్ని వదిలించుకుని తెల్లబడుతుంది. పాపం, కొన్ని జాతులకి 90 శాతం దాకా శక్తి ఇచ్చేది అవే!

మొదటి దెబ్బ రూబిస్కోకా, ఫోటోసిస్టమ్‌కా అన్నది ఇంకా తేలలేదు, శైవలం రకాన్ని బట్టి మారొచ్చు. డురుస్డీనియం అనే శైవలం రకాలు వేడిని బాగా తట్టుకుంటాయి, కాకపోతే చాలాసార్లు పగడానికి ఆహారం తక్కువ ఇస్తాయి. వెలుతురు పాత్ర చూడాలంటే తెల్లబడుతున్న పగడాన్నే గమనించండి, ఎండ నేరుగా తగిలే పైభాగం పాలిపోయినా నీడలో ఉన్న అడుగుభాగం చాలాసార్లు ఇంకా గోధుమరంగులోనే ఉంటుంది.