లిథియం వాడితే వణుకు, దాహం

ప్రశ్న: నా వయసు 34. బైపోలార్ డిజార్డర్‌కు (అతి ఉత్సాహంతో ఊగిపోయే ఉన్మాద దశ, కుంగుబాటు మారిమారి వచ్చే మానసిక జబ్బు) 8 నెలలుగా లిథియం వాడుతున్నాను. మనసు కుదుటపడింది కానీ చేతులు సన్నగా వణుకుతున్నాయి, దాహం పెరిగింది, రాత్రిళ్లు పదేపదే మూత్రానికి లేవాల్సి వస్తోంది. మందు మానేయవచ్చా?

జవాబు: మీ అంతట మీరు మానకండి. హఠాత్తుగా ఆపినవారిలో జబ్బు, ముఖ్యంగా ఉన్మాద దశ, తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. మీరు చెప్పినవన్నీ లిథియంతో తరచుగా కనిపించేవే. శరీరంలో నీటిని నిలిపి ఉంచమని మూత్రపిండాలకు చెప్పే హార్మోన్ ప్రభావాన్ని ఈ మందు తగ్గిస్తుంది కనుక మూత్రం ఎక్కువగా పోతుంది, ఆ లోటు వల్లే దాహం వేస్తుంది. అందుచేత రాత్రి లేవాల్సి వస్తుందని నీళ్లు తగ్గించడం పొరపాటు. వణుకుకు వైద్యులు మోతాదు సవరిస్తారు, లేదా ప్రొప్రనలాల్ వంటి మందు జోడిస్తారు.

అసలు చిక్కు ఏమిటంటే, లిథియం మేలు చేసే స్థాయికీ విషమయ్యే స్థాయికీ మధ్య ఎడం చాలా తక్కువ. రక్తంలో అది సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ వరకు ఉండేలా చూస్తారు. పరీక్షకు రక్తం చివరి మోతాదు వేసుకున్న 12 గంటలకు ఇవ్వాలి. మాత్ర వేసుకుని నేరుగా ల్యాబ్‌కు వెళితే ఆ అంకె తప్పుదారి పట్టిస్తుంది. వాంతులు, విరేచనాలు, ఉప్పు ఒక్కసారిగా తగ్గించడం, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు ఈ స్థాయిని పెంచుతాయి. వణుకు తీవ్రమైనా, నడక తూలినా, మాట ముద్దగా వచ్చినా తర్వాతి మోతాదు వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. థైరాయిడ్, మూత్రపిండాలు, కాల్షియం పరీక్షలు 6 నెలలకోసారి చేయించుకోండి.