డెబియన్ ఐఎస్ఓలో ఏరియల్ చేర్చి పంచవచ్చా?

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన డెబియన్ 12లో ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్ ఫాంట్లు కలిపి, ఆ ఐఎస్ఓను (ఇన్‌స్టాల్ చేసే డిస్క్ ఫైలును) పెన్‌డ్రైవ్‌లలో పంచవచ్చా అని అడిగారు కదండీ. డెబియన్‌తో ఇబ్బంది లేదు, చిక్కంతా ఫాంట్లతోనే. మైక్రోసాఫ్ట్ వాటిని ఉచితంగానే ఇచ్చింది. కానీ పంచేవారు ఆ ఫాంట్లున్న అసలు ఈఎక్స్‌ఈ ఫైళ్లను (విండోస్ ఇన్‌స్టాల్ ఫైళ్లను) ఉన్నవి ఉన్నట్టుగా, లాభం ఆశించకుండా ఇవ్వాలి. వాటిని విప్పి ఫాంట్లను ఐఎస్ఓలో కలిపితే షరతు తప్పినట్టే. అందుకే డెబియన్ కూడా ఆ ఫాంట్లను తన దగ్గర ఉంచుకోదు. డెబియన్ ప్యాకేజీల్లో కంట్రిబ్ అనే విభాగంలోని ఇన్‌స్టాలర్ ప్యాకేజీ వాటిని వాడేవారి కంప్యూటర్‌లోకే నేరుగా దించుతుంది. ‘ఉచితం’ అన్న మాట చూసి నేనూ ఒకసారి బోల్తా పడ్డాను లెండి.

బదులుగా, స్వేచ్ఛగా పంచుకోదగ్గ లిబరేషన్ ఫాంట్లు వేయండి. వాటిని 2007లో లినక్స్ కంపెనీ రెడ్‌హ్యాట్ విడుదల చేసింది. అక్షరాల వెడల్పులు సరిగ్గా ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్‌లవే కాబట్టి పాత ఫైళ్లలో వరుసలు చెదరవు. వైఫై ఫర్మ్‌వేర్ (వైఫై పరికరం పనిచేయడానికి కావలసిన సాఫ్ట్‌వేర్) గురించి బెంగ వద్దు. డెబియన్ 12 అధికారిక ఐఎస్ఓలో వచ్చినదాన్ని మార్చకుండా అలాగే ఉంచండి.