నాందేడ్ గురుద్వారా ప్రత్యేకత ఏంటి? బాసరకి వచ్చినవాళ్లం అక్కడిదాకా వెళ్లొచ్చా?

వెళ్లొచ్చా ఏంటండీ, వెళ్లాలి. మాది నిజామాబాద్. మావాళ్లు బాసరలో పిల్లలకి అక్షరాభ్యాసం చేయించి, గోదాట్లో ఓ మునక వేసి తిరుగు రైలెక్కేస్తారు. ఆ గోదారి నాందేడ్ మీంచే వస్తుందన్న ధ్యాస ఒక్కరికీ ఉండదు. ముప్పై ఏళ్లొచ్చేదాకా నాకూ లేదు.

సిక్కుల పదో గురువు గోవింద్ సింగ్ 1708లో కన్నుమూసింది అక్కడే. ఇకమీదట మనిషి గురువు ఉండడు, పవిత్ర గ్రంథం గ్రంథ్ సాహిబ్బే గురువని చెప్పిందీ అక్కడే. ఆయన్ని దహనం చేసిన చోటే ఈ గురుద్వారా, హజూర్ సాహిబ్, వెలిసింది. సిక్కుల ఐదు తఖ్తుల్లో, అంటే మత పీఠాల్లో, దక్కన్‌లో ఉన్నది ఇదొక్కటే. ఇప్పుడున్న కట్టడం 1830ల్లో మహారాజా రంజిత్ సింగ్ కట్టించింది. లాహోర్ రాజు, నిజాం రాజ్యంలో! మన పాఠాల్లో ఈ ముక్క ఎందుకు పెట్టరో. నిజాం అనగానే రజాకార్లు, లేకపోతే బిర్యానీ.

అమ్మని తీసుకెళ్లినప్పుడు లంగర్‌లో, అంటే అందరికీ ఉచితంగా భోజనం పెట్టే చోట, కూర్చున్నాం. వడ్డించేవాళ్లు రొట్టెల బుట్టతో వరస వెంట వస్తున్నారు. నా ఎడం చేతిలో ఫోను, కుడి చెయ్యి చాపాను. తెల్లగడ్డం పెద్దాయన రొట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అమ్మ మోచేత్తో పొడిచింది. అప్పుడాయన అన్నాడు కదా, "రెండు చేతులు పట్టు బిడ్డా."

తెలుగు! అదీ మన తెలంగాణ తెలుగు.

అమ్మ పప్పు సంగతే మర్చిపోయింది. "మీరు మనోళ్లేనా?" "హైదరాబాదే అమ్మా, బరంబాల. నిజాం జమానాకెళ్లి ఆడ్నే ఉన్నం." నిజాం దివాన్ చందూలాల్ అడిగితే రంజిత్ సింగ్ పంపిన ఫౌజుతో వచ్చారట వాళ్ల పెద్దలు. రెండొందల ఏళ్లు కావస్తున్నా, వీళ్లని చూసి "పంజాబ్ నుంచి ఎప్పుడొచ్చారు" అని అడిగేవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. నాకు ఒళ్లు మండుతుంది.

తలకి రుమాలు తప్పనిసరి. ఒక రాత్రి ఉండేలా వెళ్లండి. రోజూ తెల్లారకముందే గోదారి నుంచి గాగర్‌లో, అంటే బిందెలో, నీళ్లు మోసుకొచ్చి గురుద్వారా కడుగుతారు. అది చూద్దామని అలారం పెట్టుకున్నాం. అమ్మ లేచి వెళ్లి చూసొచ్చింది. నేను లేవలేదు.