ఫారం నింపే ముందు ఒకసారి ఐటీఐ వర్క్‌షాపు చూసిపో

బిడ్డా,

మొన్న రాత్రి నువ్వు ఫోన్లో అడిగినదానికి సరిగా జవాబు చెప్పలేకపోయాను. పక్కన మీ అమ్మ, వెనక నుంచి మీ బాపు ‘ఎంపీసీ, ఎంపీసీ’ అని ఒకటే మోత, ఆ గోలలో నేనేం చెప్పినా నీకు సగమే వినపడేది. అందుకే రాస్తున్నా. చాంతాడంత ఉందని పక్కన పెట్టకు, చదివి మీ బాపుకు కూడా వినిపించు.

నువ్వు అడిగినవి రెండు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ తీసుకుంటే చదువు అక్కడితో ఆగిపోతుందా, ఆడపిల్ల ఎలక్ట్రీషియన్ అంటే నర్సంపేటలో నవ్వుతారా. రెండోదానికి జవాబు చిన్నది: నవ్వుతారు. కొన్నాళ్లు నవ్వి, ఇంట్లో ఇన్వర్టర్ ఆగిపోయిన రోజు నీకే ఫోన్ చేస్తారు. దాని మీద ఇంకో మాట కూడా దండగ.

మొదటిదానికి వచ్చే ముందు ఒక సంగతి. మనవాళ్లు పదో తరగతి కాగానే కోర్సును చెవులతో ఎంచుకుంటారు. పక్కింటాయన ఏమన్నాడు, బస్సులో ఎవరేం చెప్పారు, ఏ కాలేజీ ఫ్లెక్సీ పెద్దగా ఉంది, అంతే. నేను 29 ఏళ్లు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్, అంటే కోర్సు, చెప్పాను గదా, ప్రతి బ్యాచ్‌లో సగం మంది మొదటి రోజు షాపులోకి, అంటే వర్క్‌షాపులోకి వచ్చి, ఇక్కడ బెంచీలు లేవేంటి సార్, నిలబడే ఉండాలా అని అడిగేవాళ్లు. రెండేళ్ల కోర్సులో చేరే ముందు ఒక్క గంట లోపలికి వచ్చి చూసినవాళ్లు నా సర్వీసు మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మొదటి నెలల్లో మేం చేయించే పని ఏంటో చెప్తా విను. మూరెడు వైరు, ఒక కత్తి ఇస్తాం. పైన ఇన్సులేషన్ తీసి లోపలి రాగి తీగ బయటపెట్టాలి. ఇంతేనా అనిపిస్తుంది. కత్తి నిలువుగా పెట్టి కోశావనుకో, రాగికి గాటు పడుతుంది, వంచితే అక్కడే పుటుక్కుమంటుంది. తెగకపోతే ఇంకా ప్రమాదం, లోడు పడినప్పుడు ఆ గాటు దగ్గరే వేడెక్కుతుంది. పెన్సిల్ చెక్కినట్టు కత్తిని వాల్చి పట్టాలి. ఇది చెప్తే రాదు, వంద ముక్కలు పాడుచేస్తే వస్తుంది. ఆ తర్వాత జాయింట్లు. రెండు లావు తీగలను పక్కపక్కన పెట్టి, పైన సన్న తీగ చుట్టలు చుట్టలుగా, మధ్యలో వెంట్రుక సందు లేకుండా బిగించే బ్రిటానియా జాయింట్ చేయిస్తే పిల్లల వేళ్లు ఎర్రబడేవి. ఒక ఏడాది నా బ్యాచ్‌లో ఇద్దరే అమ్మాయిలు. ఆ ఇద్దరిలో ఒకామె చుట్టిన జాయింట్ నేను రిటైరయ్యేదాకా షాపులో గోడకు మేకు కొట్టి వేలాడదీసి ఉంచాను. వాళ్లమ్మ బీడీలు చుట్టేదట, చిన్నప్పటి నుంచి ఆకు చుట్టిన వేళ్లు మరి.

ఆ పని చూస్తే నీకు విసుగొస్తుందా, లేక ఇటివ్వండి సార్ నేను చేస్తా అనిపిస్తుందా? నాకు కావలసింది ఆ జవాబు. మార్కుల మెమో అది చెప్పదు.

ఇక చదువు ఆగిపోతుందా అన్నావు. ఆగదు, కానీ ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో ముందే తెలిసి ఉండాలి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, వెల్డర్, కోపా (కంప్యూటర్ కోర్సు) ఏడాది. సీటు పదో తరగతి మార్కుల మీదే, వేరే ఎంట్రన్స్ లేదు. రెండేళ్ల ట్రేడ్ బాగా పాసైతే ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ డిప్లొమాలో నేరుగా రెండో ఏడులోకి పోవచ్చు, డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడులోకి. చుట్టుదారే, కాదనను. కానీ ఈ దారిలో పోయిన పిల్లకు బీటెక్‌కు వచ్చేసరికి మోటార్ విప్పడం వచ్చి ఉంటుంది.

నన్ను అడిగితే ముందు పాలిసెట్ రాయి, పది అయ్యాక నేరుగా పాలిటెక్నిక్‌లో చేరే ఎంట్రన్స్ అది. 120 మార్కుల్లో లెక్కలకే 60, ఫిజిక్స్ 30, కెమిస్ట్రీ 30, అంతా పదో తరగతి సిలబస్సే, నీ లెక్కలు ఎట్లుంటాయో నాకు తెలుసు. సర్కారు పాలిటెక్నిక్‌లో ఈఈఈ, అంటే ఎలక్ట్రికల్ బ్రాంచి, వస్తే అదే తీసుకో, కరెంటు డిపార్ట్‌మెంట్‌లో సబ్ ఇంజనీరు పోస్టుకు డిప్లొమానే అడుగుతారు. అది రాకపోతే ఐటీఐ ఎలక్ట్రీషియన్. ఏదో ఒకటి అని ప్రైవేటు పాలిటెక్నిక్‌లో ఇష్టంలేని బ్రాంచికి డబ్బు కట్టడం మాత్రం వద్దు.

ఇంటర్ ఒకేషనల్, అంటే పని నేర్పే ఇంటర్, కూడా ఉంది, దాని గురించి నేను చేసిన తప్పొకటి చెప్పాలి. మా వీధిలో ఒక పిల్ల ఎంఎల్‌టీలో చేరింది, ల్యాబ్ పని, బంగారంలా చేసేది. తర్వాత ఎంసెట్ రాసే వీలుందా అంకుల్ అని అడిగితే, ఒకేషనల్ వాళ్లకు ఉండదమ్మా అని నోటికొచ్చింది చెప్పేశాను. ఉంటుంది, బ్రిడ్జి కోర్సు అని అదనపు సబ్జెక్టుల పరీక్షలు కూడా రాసి పాసవ్వాలి అంతే. నాకు ఆ సంగతి తెలిసేసరికి ఆ పిల్ల ఇంటర్ అయిపోయి ఒక డయాగ్నోస్టిక్‌లో కూర్చుంది. ఇప్పటికీ ఎదురుపడితే నమస్తే అంకుల్ అంటుంది, నాకే ముఖం చెల్లదు. కాబట్టి నాతో సహా ఎవరు చెప్పినా నమ్మేయకు, ఆ ఏటి నోటిఫికేషన్ తెరిచి అర్హత అన్న పేరా నువ్వే చదువుకో.

ఉద్యోగాల మాట. మనకు కరెంటు ఇచ్చే కంపెనీ ఎన్‌పీడీసీఎల్ హెడ్డాఫీసు హన్మకొండలోనే ఉంది, జూనియర్ లైన్‌మన్‌కు ఐటీఐ ఎలక్ట్రికల్ గానీ ఒకేషనల్ ఎలక్ట్రికల్ గానీ ఉండాలి, దాంతో పాటు స్తంభం ఎక్కి చూపించాలి. స్తంభం ఎక్కడం నేర్చుకుంటే వస్తుంది, దానికి భయపడకు. కాజీపేటలో రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్లలో అప్రెంటిస్ ఉంటుంది. దానికి రైల్వే వాళ్లు పరీక్ష పెట్టరు, పదో తరగతి మార్కులు, ఐటీఐ మార్కుల సగటు చూసి తీసుకుంటారు, అందుకే పదో తరగతి మార్కులు ఇక పనికిరావు అనుకోవద్దు. అయితే అప్రెంటిస్ అంటే నౌకరీ కాదు, శిక్షణ. మావాడికి రైల్వేలో జాబ్ వచ్చింది అని ఊరంతా స్వీట్లు పంచి ఏడాదికి ఇంటికొచ్చినోళ్లను చూశాను. రైల్వేలో అన్నిటికన్నా కింది మెట్టు అయిన లెవెల్ 1 పోస్టుల్లో 20 శాతం అట్లా శిక్షణ పూర్తిచేసినవాళ్లకు ఉంటాయి, వాటికి మళ్లీ పోటీ పడాలి. అసిస్టెంట్ లోకో పైలట్, అంటే రైలు డ్రైవర్‌కు అసిస్టెంటు, అవుతానన్నావు గదా, నీకు అద్దాలున్నాయి. ఆ మెడికల్‌లో అద్దాలు లేకుండా 6/6 చూపు అడుగుతారు, లేజర్ ఆపరేషన్ చేయించుకున్నా తీసుకోరు. బాధ పడతావని దాచడం నాకు రాదు.

కోచ్ ఫ్యాక్టరీ, టెక్స్‌టైల్ పార్కుల్లో ఉద్యోగాలొస్తాయని వాట్సాప్‌లో వచ్చేవాటిని చూసి మాత్రం ట్రేడ్ ఎంచుకోకు. వస్తే మంచిదే.

ఐటీఐ కొత్త సంగతి ఒకటుంది. 2024లో రాష్ట్రంలోని 65 సర్కారు ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చడం మొదలుపెట్టారు, రోబోటిక్స్, సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్లు), ఎలక్ట్రిక్ బండ్ల మెకానిక్ లాంటి కోర్సులు పెట్టారు. మంచి మెషిన్లు. కానీ మెషిన్ ఉండటం వేరు, నీ చేతికి అది అందడం వేరు. మా తమ్ముడి కొడుకును ఒక ప్రైవేటు ఐటీఐలో వేశారు, నన్ను అడగలేదు, అడిగినా నేను పోయి చూసేవాణ్నో లేదో. ఏడాదిలో వాడు వెల్డింగ్ రాడ్ పట్టింది రెండుసార్లు. లేత్ మిషన్ మీద గుడ్డ కప్పి ఉండేదట, ఇన్‌స్పెక్షన్ రోజు తీసేవాళ్లట. అందుకే ఎక్కడ చేరినా సరే, మధ్యాహ్నం అన్నం తిన్నాక మూడు గంటలప్పుడు పోయి చూడు. పొద్దున అన్ని చోట్లా అందరూ ఉంటారు. మూడింటికి షాపులో చప్పుడుందా, మెషిన్ కింద లోహపు పొట్టు పడి ఉందా, పిల్లల చేతులకు మసి ఉందా, పోయిన ఏడు పాసైనవాళ్లు ఎక్కడున్నారో సార్ పేర్లతో చెప్తున్నాడా చూడు.

మీ బాపుకు ఒక మాట. ఆయన బోరు మోటార్ ఎన్నిసార్లు కాలిందో, వైండింగ్ షాపుకు ఎంత పెట్టాడో లెక్క తీయమను. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటార్ మూలుగుతూ నడుస్తూనే ఉంటుంది, మిగతా రెంటి మీద కరెంటు పెరిగి వైండింగ్ మాడిపోతుంది. స్టార్టర్‌లో సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోగానే మోటార్‌ను ఆపేసేది) పెట్టుకో బావా అని పదేళ్లుగా నేను చెప్తే వినలేదు, రేపు కూతురు చెప్తే వింటాడేమో.

కాగితాల సంగతి మీ అమ్మకు అప్పజెప్పు, ఆమే నయం. నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో ఇప్పుడే పెట్టాలి, ఫలితాలు వచ్చాక తహసీల్ ఆఫీసు ముందు జాతర ఉంటుంది. ఈ-పాస్ వెబ్‌సైట్‌లో స్కాలర్‌షిప్‌కు అవే కావాలి. బస్సుకు నీకు ఆధార్ చాలు.

మంగళవారం రా. ములుగు రోడ్డు ఐటీఐ గేటు దగ్గర రెండున్నరకు ఉంటాను, నా దగ్గర చదువుకున్నాయనే ఇప్పుడు ఆ సెక్షన్ చూస్తున్నాడు, వైరు ముక్క, కత్తి ఇమ్మని చెప్పాను. చెప్పులు వద్దు, స్కూలు బూట్లు వేసుకో. చున్నీ వేసుకుంటే రెండు వైపులా పిన్ను పెట్టుకో, మెషిన్ల మధ్య నడవాలి. మీ బాపును కూడా తీసుకురా, ఆయన బయట చాయ్ హోటల్ దగ్గర కూర్చుంటానంటే ఒప్పుకోకు.

మీ మామ