ముందు గ్లాస్ ఉన్న కంప్యూటర్ కేబినెట్ వద్దండి, మెష్ (సన్న చిల్లుల జాలీ) ఉన్నది తీసుకోండి

బెజవాడలో ఏసీ లేని రూమ్, రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, ముందు గ్లాస్ పెట్టి 4 ఆర్జీబీ (రంగురంగుల లైట్ల) ఫ్యాన్లతో వచ్చే కేబినెట్ నచ్చింది తీసుకోనా అని అడిగారు కదా, వద్దండి. నేను సరిగ్గా అలాంటిదే కొని ఒక ఎండాకాలం మొత్తం అవస్థ పడ్డాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

మాది గుంటూరు. 2022 చివర్లో మీ ప్రాసెసరే మీ కార్డే పెట్టి బిల్డ్ చేయించా, చలికాలం కాబట్టి ఏమీ తెలీలేదు, మే నెల వచ్చాక మధ్యాహ్నం గేమ్ పెడితే పావుగంటకే కార్డు 83 డిగ్రీలు, అక్కడికి వచ్చేసరికి కార్డు తనంతట తనే స్పీడ్ తగ్గించేసుకుంటుంది, ఫ్యాన్ల మోతకి పక్కగదిలో నాన్నకి నిద్ర లేదు. షాపతను ఇంకో రెండు ఫ్యాన్లు వేయించుకోమన్నాడు, వేయించా, పెద్దగా మారలేదు.

అప్పుడు దేవుడి దగ్గర అగరుబత్తి తెచ్చి కేబినెట్ ముందు పట్టుకుని చూశా. గ్లాస్ వెనకాలే మూడు ఫ్యాన్లు తిరుగుతున్నా పొగ గ్లాస్ ముందు నిట్టనిలువుగా పైకి పోతోంది, పక్కన వేలు కూడా పట్టని సందు దగ్గర మాత్రం కొంచెం లోపలికి వంగింది, అంతే. ముందు ప్యానెల్ ఊడదీసి మళ్లీ పట్టుకుంటే పొగంతా సర్రున లోపలికి లాగేసింది. అదే గేమ్, అదే గది, 83 కాస్తా 74కి దిగింది. అంటే ఫ్యాన్లు తక్కువై కాదు, వాటికి గాలి అందక.

అందుకని ఫ్యాన్లు ఎన్నని కాదు, గాలి ఎక్కణ్ణుంచి లోపలికి వస్తుందో చూడండి. షాపులో ఫోన్ టార్చ్ వేసి మెష్ వెనక పెట్టి చూస్తే వెలుతురు బాగా కనపడాలి, కొన్నిటికి పైకి మెష్‌లా డిజైన్ ఉంటుంది గానీ వెనక ప్లాస్టిక్ మూసేసి ఉంటుంది, జాగ్రత్త. నాకు తెలిసిన వాటిలో కోర్సెయిర్ 4000డి ఎయిర్‌ఫ్లో బావుంటుంది, బడ్జెట్ ఉంటే లియాన్ లీ లాన్‌కూల్ 216, దానికి ముందువైపు రెండు 160 ఎంఎం ఫ్యాన్లు, వెనక ఒక 140 దాంతోపాటే వస్తాయి, మళ్లీ కొనక్కర్లేదు. హైదరాబాద్ వెళ్లే పనుంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్‌లో చేత్తో పట్టుకుని చూసి తీసుకోండి.

ముందు రెండు లోపలికి లాగేవి, వెనక ఒకటి బయటికి తోసేది, మీ పార్టులకి ఇది చాలు. బయటికి పోయే గాలి కన్నా లోపలికొచ్చేది కాస్త ఎక్కువుంటే సందుల్లోంచి దుమ్ము తక్కువ దూరుతుంది. పైన ముందువైపు మాత్రం బయటికి తోసే ఫ్యాన్ పెట్టకండి, ముందు నుంచి వచ్చిన చల్లగాలి కార్డు దాకా పోకుండానే పైకి పోతుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఎంత మంచి కేబినెట్ అయినా గదిలో 38 ఉంటే లోపల అంతకన్నా చల్లగా అవ్వదు.

కంప్యూటర్ టేబుల్ కింద వెనక చెక్క కొట్టేసిన అర ఉంటుంది చూడండి, అందులో మాత్రం పెట్టొద్దు, వెనక నుంచి పోయిన వేడే తిరిగి ముందుకొస్తుంది. మెష్‌కి దుమ్ము త్వరగా పడుతుంది, అది నిజమే, నేను నెలకోసారి ఫిల్టర్ తీసి కుళాయి కింద కడిగి బాగా ఆరాక పెడతాను, పది నిమిషాల పని. కొనేముందు మీ 3060 పొడవు, ప్రాసెసర్ మీద పెట్టే కూలర్ ఎత్తు కొలిచి కేబినెట్ డబ్బా మీద రాసినదాంతో సరిచూసుకోండి.